గూడబాతునకు వెల కట్టవచ్చునా?

సూళ్ళూరుపేటకు ఉత్తరముగా, దొరవారిసత్రము చెంత, నేలపట్టు అను చిన్న పల్లె కలదు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఆ ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినది గాని, అచ్చటి వారికి తమది నేటికిని నెల్లూరు సీమయే. ఊరి చెరువులో కడప చెట్లు నీటి నడుమ నిలిచియుండును. ఈశాన్యపు వానలు పడి చెరువు నిండిన తోడనే గూడబాతులు గుంపులు గుంపులుగా వచ్చి ఆ చెట్లపై గూళ్ళు కట్టును. నత్తగుళ్ళ కొంగలు, తెల్లకంకణములు, నీటికాకులు వాని వెంట దిగును. తల్లిపక్షులు పులికాటు సరస్సు వరకును ఎగిరిపోయి, ముక్కు క్రింది సంచిలో చేపలను నింపుకొని వచ్చి పిల్లల నోట బెట్టును. వేసవి ముదురులోపల పిల్లలకు రెక్కలు వచ్చును. చెరువు మరల నిశ్శబ్దమగును.

ఈ పక్షులకును ఆ యూరికిని ఉన్న పొత్తు చిత్రమైనది. వేలకొలది పక్షుల రెట్ట చెరువునీటిలో కలియును. ఆ నీరు పారిన వరిమళ్ళకు ఎరువు తక్కువ చాలునని రైతులు చెప్పుదురు. పక్షులు నిండుగా వచ్చిన యేడు పంట నిండుగా పండునని నమ్మిక. అందుచేత పిల్లలు కూడ వానిపై రాయి విసరరు. ఇప్పుడు అచ్చట 458 హెక్టారులకు పైబడిన పక్షి సంరక్షణ కేంద్రమున్నది, అటవీశాఖవారి కాపలా యున్నది; కాని ఆ కాపలా రాకమునుపే ఊరివారు కాపలాదారులు. వారి కెవరును జీతమీయలేదు. వారు అడుగనును లేదు.

ఇట్టి కాపుదలకు వెల కట్టవలెనని, ఆ వెలను బజారులో అమ్మి వచ్చిన సొమ్ముతో పక్షులను, అడవులను, మడలను కాపాడవలెనని ఇప్పుడు లోకమున పెద్ద చర్చ జరుగుచున్నది. దీనికి జీవవైవిధ్యపు క్రెడిట్టు అని పేరు. పేరు వినగానే ఇది బ్యాంకుల వారి సంగతి, మనకేల యని మన సోదరీమణులు పుట త్రిప్పివేయుదురేమో! త్రిప్పవలదని మా మనవి. సముద్రపు టొడ్డున నీళ్ళబిందె మోయువారును, పీతలు పట్టి పిల్లలకు గంజి కాచువారును ఎక్కువగా స్త్రీలే. ఈ బజారు తెరచినచో దాని లాభము గాని నష్టము గాని ముందుగా తగులునది వారి యింటికే.

ఇంతకును ఈ క్రెడిట్టు అనగా నేమి? ఒక ధనవంతుడు తన యూరి కోవెలలో అఖండదీపము వెలిగింపదలచి, తాను దినదినము పోజాలక, అర్చకునకు సంవత్సరపు నూనె వెల యిచ్చి రసీదు పుచ్చుకొనెననుకొందము. దీపము నిజముగా వెలుగుచున్నదని ఊరి పెద్దయొకడు చూచి వ్రాలు చేయును. క్రెడిట్టు ఆ రసీదు వంటిది. ఒక కంపెనీ ఏదో చెరువును బాగు చేయించుటకు ధనమిచ్చును. చెరువు బాగుపడినదని, పక్షులు హెచ్చినవని పరీక్షకులు వ్రాసి యిత్తురు. ఆ వ్రాతకు ఇన్ని క్రెడిట్టులని లెక్క కట్టుదురు. ఇంతవరకు చిక్కు లేదు. ఆ రసీదును మరియొకరికి అమ్మవచ్చుననుట యొక చిక్కు. తన యూరి దీపమును తానే యార్పి, పొరుగూరి దీపపు రసీదు చూపి, నా దీపము వెలుగుచునే యున్నదనుట రెండవ చిక్కు. తగవంతయు ఈ రెండవదానివద్దనే యున్నది.

ఈ యోచన ఊరక పుట్టలేదు. 2022 డిసెంబరులో కెనడా దేశపు మాంట్రియలు నగరమున దేశదేశముల ప్రతినిధులు కూడి, 2030 నాటికి ప్రకృతి రక్షణకై ఏటేట 20,000 కోట్ల డాలరులు సమకూర్పవలెనని నిర్ణయించుకొనిరి. ప్రభుత్వముల బొక్కసములు చాలవని, బజారు మార్గములు కూడ వెదుకవలెనని ఆ నిర్ణయములోనే వ్రాసికొనిరి. క్రెడిట్టుల పేరు అందులో స్పష్టముగా నున్నది. (అంతకు పదేండ్లు ముందు, 2012 అక్టోబరులో, ఇదే ఒడంబడికకు చేరిన దేశముల సభ మన హైదరాబాదులోనే జరిగినది.)

ధనము చాలదనుట అబద్ధము కాదు. పులికాటు సరస్సునే చూడుడు. మన పెద్దలు దీనిని ప్రళయకావేరి అనిరి. మన దేశమున ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత పెద్దది ఇదియే. అధికభాగము మన రాష్ట్రములో, దక్షిణపు కొస తమిళనాట నున్నది. కాళంగి, స్వర్ణముఖి నదుల తీపినీరు ఒకవైపునుండియు, సముద్రపు ఉప్పునీరు ముఖద్వారముల నుండియు వచ్చి కలిసినప్పుడే చేప, రొయ్య, నాచు, పురుగు పెరుగును. ఎఱ్ఱని రెక్కల ఫ్లెమింగోలు మోకాలిలోతు బురదనీటిలో తల క్రిందులుగా ముక్కు ముంచి ఆ నాచును, పురుగును వడియగట్టుకొని తినును. రాయదొరువు వంటి చోట్ల ఇసుక మేటవేసి ముఖద్వారము పూడిపోయినచో సముద్రపు పోటు లోనికి రాదు, సరస్సు వేసవికి ఎండిపోవును, చేప యుండదు, పక్షి రాదు, వల యెండగట్టవలసినదే. ప్రభుత్వమువారు 1976లోనే దీనిని పక్షుల సంరక్షణ స్థలముగా ప్రకటించిరి. 2001 నుండి సూళ్ళూరుపేటలో ఫ్లెమింగోల పండుగయు జరుపుచుండిరి. కొన్నియేండ్లు ఆగి 2025 జనవరిలో అది మరల జరిగినది. పండుగకు బస్సులలో జనము వచ్చుట మంచిదే. ఇసుక త్రవ్వుటకు మాత్రము పండుగ చాలదు.

ప్రకృతికి వెల కట్టకపోయినచో నేమగునో నెల్లూరు తీరము ఒకమారు చూచియేయున్నది. 1990 ప్రాంతమున కండలేరు పాయ పొడుగునను, సముద్రపు టంచునను రొయ్యల చెరువులు పుట్టగొడుగులవలె లేచినవి. ఎకరమునకు వచ్చు లాభము విని వరిపొలములను త్రవ్విన వారు కలరు. ఆ లెక్కలో ఊరి బావికి వెల లేదు. మడచెట్టుకు వెల లేదు. చెరువుల ఉప్పునీరు నేలలో దిగి మంచినీటి బావులు చవుడెక్కిన యూళ్ళలో ఆడువారు బిందెలు చంకనిడుకొని దూరము నడువవలసి వచ్చెను. వారి నడకకును వెల లేదు. 1994లో వచ్చిన రొయ్యల తెగులు ఒక్క సీజనులో చెరువులను ఖాళీ చేసినది. తమిళనాటి సర్వోదయ వృద్ధుడు ఎస్. జగన్నాథన్‌గారు వేసిన వ్యాజ్యములో 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను: తీరపు నియమిత హద్దులోని చెరువులను, పూర్వపద్ధతివి తప్ప, తొలగింపవలెను, పాడుచేసినవాడే పరిహారమిచ్చి బాగుచేయవలెను. తరువాత 2005లో పార్లమెంటు వేరొక చట్టము చేసి, అనుమతి పొంది చెరువులు నడుపుటకు వీలు కల్పించెను. తీర్పు సారమంతయు నిలువలేదు గాని, పాడుచేసినవాడే చెల్లింపవలెనను మాట నిలిచినది. ఆ మాటకును క్రెడిట్టునకును భేదమున్నది. పరిహారము పాడైన చోటికే పోవలెను. క్రెడిట్టు ఎచ్చటనైనను కొనవచ్చును.

మన తెలుగు వారికి ఈ బేరము క్రొత్త కాదని చెప్పినచో కొందరికి వింతగా తోచును. నాటి ఆదిలాబాదు జిల్లాలో పవర్‌గూడ అను గోండుల పల్లె యున్నది. అచ్చటి మహిళాసంఘముల వారు కానుగ గింజలు ఏరి, గానుగలో నూనె తీయుచుండిరి. ఆ నూనెను డీజిలుకు బదులు వాడినచో అంత బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియకుండును. 2003లో వాషింగ్టనులో జరిగిన యొక సమావేశమునకు వచ్చిపోయినవారి ప్రయాణములవలన పుట్టిన పొగకు పరిహారముగా ప్రపంచబ్యాంకు ఆ స్త్రీలవద్ద 147 టన్నుల లెక్క కొని 645 డాలరులు చెల్లించెను. నాటి మారకమున అది సుమారు 30 వేల రూపాయలు. విమానములో వాషింగ్టను పోయిన దొరలు ఎవరో, వారి పొగకు లెక్క తీర్చిన గోండు స్త్రీలు ఎవరో! మొత్తము పెద్దది కాదు. అయినను సొమ్ము మధ్యవర్తుల సంచులలో ఇంకిపోక స్త్రీల సంఘమునకే చేరినది. ఆ యంశమును మేము ముఖ్యముగా గమనించితిమి.

రెండవ యుదాహరణము వేప. నాటి మహబూబునగరు జిల్లాలోని అమరచింత నుండి 2,000 కిలోల వేపాకు జపానుకు ఎగుమతియైనది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము, మన చెట్టుచేమలతో వ్యాపారము చేయువారు లాభములో కొంత వానిని కాచిన వారితో పంచుకొనవలెను. చెన్నపట్టణమున ఇందుకొరకే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థకు ఈ వేపాకుపై చేరిన రుసుము 55,035 రూపాయలు. అందులో కొంత తిరిగి అమరచింత జీవవైవిధ్య సంఘమునకు వేపమొక్కలు నాటుటకై పంపబడెను. మన పెరటి వేపచెట్టు రెమ్మ విరిచి అమ్మవారి గడపకు కట్టుకొను మనము, దానికి జపానులో రుసుము పుట్టునని కలనైన ననుకొంటిమా?

మూడవది నెల్లూరు సీమదే, కాకున్న తీరమునకు పడమట వెలికొండలది. రక్తచందనమును చిన్న సానపై నరుగదీసి మొగమునకు రాచుకొనని యిల్లు మన పాతకాలపు ఇండ్లలో అరుదు. లోకమున ఆ చెట్టు సహజముగా పెరుగునది తూర్పుకనుమల దక్షిణపు కొసననే: కడప, చిత్తూరు, నెల్లూరు సీమల కొండలును వాని చుట్టుపట్లును. దొంగలు నరికి దాటించిన దుంగలను పట్టుకొని ప్రభుత్వమువారు వేలము వేయుదురు. వేలపు సొమ్ములో నూటికి 5 రూపాయలకు తగ్గకుండ ఈ పంపకమునకు తీయవలెనని 2014 నాటి మార్గదర్శకములలో నున్నది. ఆ నిధినుండి 2025లో ఆంధ్రప్రదేశ్ జీవవైవిధ్య మండలికి లక్ష ఎఱ్ఱచందనపు మొక్కలు పెంచుటకై 82 లక్షల రూపాయలు మంజూరైనవి. అదే యేట, చట్టబద్ధముగా తమ పొలములలో ఆ చెట్టును పెంచిన 198 మంది రైతులకును, ఆంధ్ర విశ్వవిద్యాలయమునకును కలిపి 3 కోట్ల రూపాయలు పంచిరి. ఆ రైతులు చిత్తూరు, నెల్లూరు, తిరుపతి, కడప జిల్లాలలోని 48 గ్రామములవారు. ఒక్కొక్కరికి ముట్టినది 33 వేలు మొదలు 22 లక్షల వరకు. ఇది బజారు రసీదు కాదు, చట్టము చేయించిన పంపకము. మా దృష్టిలో ఇదే మేలైన త్రోవ. అయినను పట్టా భూమి కలవాడు చెట్టు పెంచినందుకు పొందెను సరే. కొండ దిగువ పల్లెలో భూమి లేక, దొంగలకు లొంగక, అడవిని కనిపెట్టుకొని యున్న కుటుంబమునకు అందులో పాలెంత అని యడుగక తప్పదు.

ఇక మరల తీరమునకు వత్తము. బొగ్గుపులుసు వాయువు టన్ను ఎచ్చట తగ్గినను టన్నే; పవర్‌గూడలో తగ్గినదానికి వాషింగ్టనులో లెక్క సరిపోవును. పక్షికి అట్టి లెక్క పొసగదు. నేలపట్టులో నూరు గూళ్ళు చెడగొట్టి మరియొక రాష్ట్రములో నూరు గూళ్ళు కట్టించితిమనినచో నేలపట్టు పొలమున రెట్ట పడదు. ఇంగ్లండులో 2024 ఫిబ్రవరి నుండి ఒక కట్టడి వచ్చినది: ఇండ్లు కట్టువాడు అచ్చటి ప్రకృతిని మునుపటికంటె నూటికి పది వంతులు హెచ్చుగా చేసి, ముప్పదియేండ్లు నిలిపియుంచవలెను, స్థలములోనే చేయలేనిచో వేరొకచోటి ప్రమాణములు కొనవచ్చును. మొదటి సగము మనము నేర్వదగినది. రెండవ సగము జాగ్రత్తతో చూడదగినది.

మన కేంద్రప్రభుత్వమువారు కూడ 2023 అక్టోబరులో హరిత క్రెడిట్టు పథకమును ప్రకటించిరి. మొదట వచ్చిన నియమములలో పాడుపడిన అటవీభూమిలో హెక్టారునకు కనీసము 1,100 చొప్పున మొక్కలు నాటి, చెట్టునకొక క్రెడిట్టు పొందవచ్చునని యుండెను. నాటుట వేరు, బ్రదికించుట వేరు అని ఇంటి తులసికోట చూచుకొను ప్రతి స్త్రీయు ఎరుగును గదా! ఆక్షేపణలు బయలుదేరినవి. 2025 ఆగస్టులో నియమములు మార్చిరి: అయిదేండ్లు గడచి, చెట్ల నీడ నూటికి 40 వంతుల నేలను కప్పినప్పుడే, బ్రదికి నిలిచిన చెట్టునకే క్రెడిట్టు; దానిని బజారులో అమ్మరాదు. ఈ మార్పు మెచ్చదగినది. కాని తీరవాసులకు వేరొక భయము కలదు. లెక్క చెట్లతోడనే నడచినచో చెట్టులేని చోటు పాడునేలగా కనబడును. పులికాటు బురదమేట పాడునేల కాదు. అది ఫ్లెమింగోల వంటశాల. సముద్రపు టొడ్డున వట్టి యిసుకయు పాడునేల కాదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు శీతకాలపు చివర రాత్రివేళ వచ్చి గ్రుడ్లు పెట్టునది అచ్చటనే. ఒడ్డు కొసవరకు సరుగుడు మొక్కలు నాటినచో వాని వేళ్ళు, నీడ తాబేటికి చోటు లేకుండ చేయును. తుపానుగాలి నాపుటకు సరుగుడు కావలసినదే, వెనుకకు జరిపి నాటిన నేమి?

అన్నిటికంటె కష్టమైన ప్రశ్న సొమ్ము ఎవరిచేతికి అను ప్రశ్న. పులికాటు దక్షిణభాగమున తమిళ పల్లెలలో పాడు అను పాత యేర్పాటు ఉన్నది. సరస్సులోని మంచి వేటచోట్లను పట్టపువారు వంతులవారీగా, చీట్లు వేసికొని పంచుకొందురు. ఎవని వంతు ఎప్పుడో అందరికి తెలిసియుండును గనుక కొట్లాట తక్కువ, సరస్సుకు విరామమెక్కువ. దొరల పుస్తకములు పుట్టకముందే పుట్టిన మంచి లెక్క యిది. కాని ఆ వంతు పెండ్లియైన మగవానికే. నీటిలో కూర్చుండి చేతులతో తడిమి రొయ్యలు పట్టు బీదజాతుల స్త్రీకి వంతు లేదు. రేపు సరస్సుమీద క్రెడిట్టు సొమ్ము వచ్చి, ఈ పాత జాబితా ప్రకారమే పంచిరనుకొనుడు, ఆమెకు దక్కునదేమి? నెల్లూరు సీమ యానాదుల సంగతియు అట్టిదే. శ్రీహరికోట అడవిలో తేనె, కుంకుడుకాయ, చిరువేరు ఏరి, ఏ చెట్టు ఎప్పుడు కాయునో, ఏ మడుగులో ఏ చేప దాగునో తరతరములుగా ఎరిగినవారు వారు. ఆ దీవిలో రాకెట్ల కేంద్రము వెలసిన పిమ్మట వారిలో పలువురు బయటికి వచ్చి స్థిరపడవలసి వచ్చెను. వారి పేర భూమి లేదు, పడవ లేదు. భూమిని బట్టియో పడవను బట్టియో పంచు ఏ పంపకములోను వారు కానరారు.

దీనికి చట్టములో ఒక చిన్న వాకిలి యున్నది, మన సోదరీమణులు దానిని తెలిసికొని యుండుట మంచిది. ప్రతి గ్రామపంచాయతికిని జీవవైవిధ్య నిర్వహణ సంఘము ఉండవలెను. 2004 నాటి నిబంధనలలో, ఆ సంఘమున మూడవవంతుకు తగ్గకుండ స్త్రీలును, నూటికి 18 వంతులకు తగ్గకుండ షెడ్యూల్డు కులములవారు, తెగలవారును ఉండవలెనని వ్రాసిరి. ఊరిలోని చెట్టు, చేప, పక్షి, మందాకు, వాని నెరిగినవారి తెలివి ఇవన్నియు ఒక పుస్తకములో ఎక్కించుట ఆ సంఘపు పని. దానికి ప్రజా జీవవైవిధ్య పట్టిక అని పేరు. దేశమంతట ఈ పుస్తకములు 2020 జనవరి నెలాఖరులోపల పూర్తికావలెనని జాతీయ హరిత ట్రిబ్యునలు గడువు పెట్టెను. గడువుకై పరుగెత్తి వ్రాసిన పుస్తకములు ఎట్లుండునో మనకు తెలియనిది కాదు; పొరుగూరి పుటలనే ఎత్తి వ్రాసినను అడుగువారుండరు.

అయినను రేపు ఏ కంపెనీ వచ్చి నేలపట్టు చెరువుకు గాని, కండలేరు మడలకు గాని వెల కట్టదలచినను, ముందుగా విప్పవలసినది ఆ పుస్తకమునే. అందు పేరు లేని ప్రాణి ఆ లెక్కకు అందదు; పేరు లేని మనిషికి పాలు అడుగుట కష్టము. పీతల కాలము, మందాకుల గుణము, ఏ నెలలో ఏ రొయ్య ఒడ్డుకు చేరునో మగవారికంటె బాగుగా చెప్పగల స్త్రీలు ఆ పల్లెలలో ఎందరో కలరు. పుస్తకము వ్రాయవచ్చిన వారు సాధారణముగా పంచాయతి అరుగుమీదనే కూర్చుండి, అచ్చటికి వచ్చినవారి నడిగి వ్రాసికొని పోవుదురు. ఆ పుస్తకమును సరిదిద్దుటకు, క్రొత్త సంగతులు చేర్చుటకు ఎప్పుడును వీలున్నది. మీ యూరి సంఘములో స్త్రీ సభ్యులెవరో, మీ యూరి పుస్తకములో ఏమున్నదో పంచాయతి కార్యాలయమునకు పోయి అడిగి చూడవచ్చును.